హాజరు పట్టీలో పేరు

(శామీర్‌పేట చెరువు వెనక ఒక ఫామ్‌హౌస్. 2007 జూన్, శనివారం సాయంత్రం ఆరున్నర. లోపలి గదిలో డెబ్బై అయిదేళ్ల బుచ్చవ్వ, ఆమె మనవరాలు ఇషిత.)

"కదలకు అవ్వా. పిన్ను పెడుతున్న."

"నాకు పిన్నులేందే? గుచ్చుకుంటది. ఇడ్సిపెట్టు."

"ఒక్క గంట ఓర్చుకో. తెల్ల చీర, నల్ల అంచు. ఎంత మంచిగున్నవో అద్దంల సూసుకో."

"ఏం సింగారమే గిది? లోకంల రంగు చీరలు లేనట్టు. వచ్చినోళ్లందరు తెలుపు, నలుపే కట్టుకున్నరు. దినాలకు వచ్చినట్టున్నరు."

"అట్లనకు! థీమ్ అంటరు దాన్ని. బ్లాక్ అండ్ వైట్. డాడీ చిన్నప్పుడు ఫోటోలన్నీ తెలుపు నలుపే గదా, అందుకే బట్టలు, పూలు, కుర్చీల గుడ్డలు, ఆఖరికి కేకు గూడ అట్లనే. ఇయ్యాల రాత్రి భోజనాలు, రేపు పొద్దున చెరువు కాడ టిఫిన్లు, పగటీలి దాక ఆటలు. మూడు నెలల సంది ఇదే పని మీదున్న."

"చెయ్యి బిడ్డా, నేనొద్దన్ననా? నన్ను గీ అర్రల కూసోనియ్యి. గదే అంటున్న."

"డాడీకి యాభై ఏండ్లు అవ్వా! కన్నతల్లివి అర్రల కూసుంటవా?"

"మోకాళ్లు గుంజుతున్నయి."

"పొద్దున మెట్లెక్కి దిగినవ్."

"గందుకే గుంజుతున్నయి."

"నీది ఒక్కటే పని. ఏడు గంటలకు యాంకర్ నీ చేతికి మైకిస్తది. నువ్వు డాడీని పేరు పెట్టి పిలవాలె. 'సుధాకరా, రా బిడ్డా' అనాలె. డాడీ వస్తడు, కేకు కోస్తడు, మొదటి ముక్క నీకే. అందరు ఏడుస్తరు సూడు."

"నేను పిలువ."

"ఒక్క మాట."

"పిలువనంటి గదా. మీ అమ్మను పిలువుమను."

"మమ్మీ ఎన్నడన్న డాడీ పేరు తీసిందా? అయినా నాకో డౌటు. నువ్వు గూడ తియ్యవేంది? పుట్టినకాడికెళ్లి వింటున్న. చిన్నోడా, చిన్నోడా. నీకున్నదే ఒక్క కొడుకు. పెద్దోడెవడు మరి?"

"నోటికి అలవాటైంది."

"మొన్న హాస్పిటల్ల నర్సు నీ కొడుకు పేరేందమ్మా అంటే నా దిక్కు సూసినవ్. పేరు నాతోని చెప్పిచ్చినవ్."

"మతికి రాలే."

"కొడుకు పేరు మతికి రాలేదా?"

"సతాయించకే. పొద్దు వోయినంక ఆ పేరు నేను తియ్య."

"ఆ పేరా? డాడీ పేరేనా? తీస్తే ఏమైతది?"

"ఏం కాదు. నీళ్లియ్యి."

"ఇగో, తాగు. సరే, కోపం జేయకు. నీకొకటి చెప్తా, ఎవలకు చెప్పొద్దు. మనం వెనక గేటుకెళ్లి వచ్చినం గదా, నువ్వు సూడలే. ముందు గేటు మీద డాడీ చిన్నప్పటి ఫోటో పెట్టిచ్చిన. పన్నెండడుగుల ఫ్లెక్సీ! గంత పెద్దగ చేసిన్నని డాడీకి గూడ తెల్వదు. వచ్చినోళ్లందరు దాని కిందికెళ్లే లోపలికి రావాలె."

"మీ నాయిన ఫోటోనా? యాడిది? ఆనికి చిన్నప్పటి ఫోటోనే లేదు."

"ఉంది. నీ పెట్టెల."

"నా పెట్టె ఎవలు తెరువుమన్నరే నిన్ను?"

"ఎవలో ఒకలు లే. కొట్టకు. చీరల అడుగున పాత రుమాల్ల చుట్టి పెట్టినవ్. చేతిల పలక, నెత్తికి నూనె, మెడదాక గుండీలు. మస్తు ముద్దుగున్నడు. ఇప్పుడు చెంపల మీదున్న గుంతలు గూడ లేవు."

"ఎందుకుంటయే... ఆనికెందుకుంటయి గుంతలు..."

"అవ్వా? పిన్నులన్ని పీకేస్తున్నవేంది?"

"దాన్ని దించు. లే. మీ నాయిన రాకముందే దించు. ఎందాక వచ్చిండు?"

"గౌడవెల్లికెళ్లి బయలెల్లి అరగంటైంది. పార్టీ నాడు గూడ పొలం సూసొస్తనని పోయిండు. దగ్గర్లకే వచ్చి ఉంటడు."

"దించుమంటే దించవేందే!"

"ఎందుకో చెప్పు ముందు! పొద్దటి సంది నలుగురు తండ్లాడి కట్టిండ్రు దాన్ని."

"బిడ్డా, ఆ ఫోటోల ఇద్దరుండాలె. నువ్వు పెట్టిన దాంట్ల ఇద్దరున్నరా, ఒక్కడేనా?"

"ఒక్కడే. పక్కన ఒక చిన్న పిల్లగాడుండె గని, ఫోటో దింపేటప్పుడు కదిలిండు, మొఖం అంత అలికినట్టైంది. డిజైన్ చేసేటాయన ఆ పిల్లగాన్ని కోసేసిండు. చెయ్యి ఒక్కటి పోలే. డాడీ వేళ్లను గట్టిగ పట్టుకొని ఉండె. అది కోస్తే డాడీ వేళ్లు గూడ పోతయని వదిలేసినం. పెద్దగ చేసినంక జర భయంగనే ఉంది. చెయ్యి ఉంది, మనిషి లేడు."

"ఎవల్ని కోసినవో ఎరికేనా నీకు?"

"పక్కింటి పిల్లగాడు కావొచ్చు."

"మీ నాయిన."

"ఏంది?"

"నువ్వు కోసింది మీ నాయిననే. ఆ చెయ్యి మీ నాయినది."

"మరి... పలక పట్టుకున్నది? గేటు మీదున్నది?"

"సుధాకర్."

"అవ్వా, డాడీయే గదా సుధాకర్!"

"మీ నాయిన పేరు కుర్మయ్య. మా మామ పేరు వెట్టుకున్నం. ఆనికి రెండేండ్లు పెద్ద సుధాకర్. ఆ పేరు బడి పంతులు వెట్టిండు, మా ఊళ్లె అసొంటి పేరు ఎవలకు లేకుండె. జెండా పండుగ నాడు బొల్లారం నుంచి ఫోటోలాయనను పిలిపిచ్చి పంతులే దింపిచ్చిండు. నాలుగు నెలలకు అమ్మోరు వోసింది."

"అమ్మోరంటే మశూచియా?"

"పేరు తియ్యకు. ముందు చిన్నోనికే వోసింది, మీ నాయినకు. దగ్గరికి పోవద్దంటే పెద్దోడింటడా? వేపమండ పట్టుకొని తమ్ముని పక్కనే పండుకునేటోడు. చిన్నోడు లేవకముందే పెద్దోడు పండిండు. ఏడేండ్లు ఆనికి. మూడొద్దులు గూడ ఆగలే."

"అయ్యో... మరి పేరెట్ల మారింది?"

"మీ తాత బడికి పోయిండు, పిల్లగాడు ఇగ రాడని చెప్పొస్తనని. పంతులు హాజరు పట్టీ తీసిండట. పేరు కొట్టేద్దమని ఎర్ర కలం పట్టిండట. మీ తాతకు సదువు రాదు గని, ఆ ఎర్ర కలం సూసి ఆగలేకపోయిండు. కొట్టెయ్యకు సారూ, కొట్టేస్తే ఇంకోపారి సచ్చినట్టే, నాకింకోడున్నడు, రేపటికెళ్లి ఆన్ని తోల్త, ఈని జాగల కూసోవెట్టు అన్నడట. పంతులు గూడ ఏడ్సిండట. కొట్టెయ్యలే. తెల్లారి చిన్నోని చేతికి పలకిచ్చి తోలినం."

"అదే పలకనా?"

"అదే పలక. అదే పేరు. పుట్టిన తారీకు గూడ అదే. ఎనకసిరి సర్టిఫికెట్లయినయి, పాసుబుక్కులయినయి, పెండ్లి కార్డయింది. ఇగ యాడ తిప్పుకునేది? ఊళ్లోళ్లు కొన్నొద్దులు గుసగుస అన్నరు, మర్సిపోయిండ్రు. ఎరికున్నోళ్లు కాలం జేసిండ్రు. కుర్మయ్యా అని పిలిసేటోళ్లు లేకుండ పోయిండ్రు. సచ్చినోడు బడికి పోయిండు. బతికినోడు యాడికి పోయిండో."

"డాడీకి తెల్వదా?"

"ఐదేండ్ల పోరడు. పదొద్దులు జరంల మతి లేకుండ పండిండు. ఏం యాదుంటది? నేను చెప్పలే, మీ తాత చెప్పలే. గిన్నేండ్లు కడుపుల దాసుకున్న. ఇయ్యాల నువ్వు పన్నెండడుగులు చేసి గేటు మీద పెడితివి."

"నాకేం తెలుసు అవ్వా..."

"ఆ మొఖం సూసిండంటే అడుగుతడు. అమ్మా, మరి నేనెవన్నే అని అడుగుతడు. ఏం చెప్పాలె? పెద్దోని పేరు కొట్టెయ్యబుద్ధి కాక నిన్ను కొట్టేసినం బిడ్డా అని చెప్పాల్నా?"

"అందుకేనా డాడీ పేరు తియ్యవ్?"

"ఒక్కపారి తీసిన. ఆడు బడికి పోయిన కొత్తల. పొద్దు గూకంగ వాకిట్ల నిలవడి, సుధాకరా అని పిలిసిన. చిన్నోడు గల్లీ మలుపుకెళ్లి ఉరికొచ్చిండు. ఆని ఎనక ఇంకొకలు ఉరుకుతున్న సప్పుడైంది బిడ్డా. ఒట్టి కాళ్ల సప్పుడు."

"ఊకో అవ్వా."

"నాకొక్కదానికే ఇనొచ్చిందనుకున్న. చిన్నోడు గూడ నిలవడి ఎనకకు తిరిగి సూసిండు. గంతే. మల్ల ఎన్నడు ఆ పేరు తియ్యలే. తీస్తే ఇద్దరు తిరిగి సూస్తరు."

"నాకు భయమైతాంది. ఉండు, ఫ్లెక్సీ కట్టిచ్చినాయనకు ఫోన్ చేస్త. హలో, అన్వేష్? గేటు మీది ఫ్లెక్సీ దించుండ్రి. ఇప్పుడే. ఎందుకో తర్వాత చెప్తా... ఏంది? ఎవలు వద్దన్నరు? ఎంతసేపటి సంది?... సరే. సరే, ఉండనియ్యి."

"ఏమన్నడే?"

"డాడీ వచ్చి పావుగంటైందట."

"సూసిండా?"

"కారు దిగి దాని కిందనే నిలవడ్డడట. తర్వాత నిచ్చెన తెప్పిచ్చుకొని ఎక్కిండట. ఆ చిన్న చెయ్యి ఉంది గదా అవ్వా... దాని మీద తన చెయ్యి పెట్టుకొని సూసుకున్నడట. ఎవ్వలు దించొద్దని చెప్పి లోపలికి వచ్చిండట."

"తలుపు వెయ్యి. నాకు పానం బాగలేదని చెప్పు. తలుపు వెయ్యే!"

"వెయ్యకు బిడ్డా. నేనే."

"డాడీ..."

"నువ్వెందుకు ఏడుస్తున్నవ్? ఫోటో మంచిగొచ్చింది. అమ్మా, గట్ల గోడకు ఒదిగినవేంది? ఇటు కూసో."

"చిన్నోడా, ఆ ఫోటో... పొల్ల తెల్వక... ఎవల పెట్టెలదో ఏందో..."

"నీ పెట్టెలదే. చిన్నప్పటి ఫోటో కావాలె డాడీ అని ఇది అడిగితే, మీ అవ్వ పెట్టెల సూడు అన్నది నేనే. దాంట్ల ఎవలుంటరో గూడ నాకు ఎరికే."

"నీకెట్ల ఎరికరా?"

"మతి లేకుండ పండిన్నని మీరనుకున్నరు. అన్న నా పక్కన పండుకొని వేపమండతోని ఈగలు కొట్టేటోడు. దురద పెడితే గోక్కోకుండ నా రెండు చేతులు పట్టుకునేటోడు. నేను లేసేసరికి పక్క ఖాళీగ ఉండె. కొన్నొద్దులకు అన్న పలక నా చేతిల పెట్టిండ్రు. బడిల పంతులు పట్టీ తీసి సుధాకర్ అన్నడు. నేను పలుకలే. తలుపు దిక్కు సూసిన, అన్న వచ్చిండేమోనని. రెండో దినం గూడ సూసిన. పదొద్దులు సూసినమ్మా. పదకొండో దినం పంతులు దగ్గరికొచ్చి, నెత్తి మీద చెయ్యి వెట్టి, నువ్వే బిడ్డా, పలుకు అన్నడు. హాజర్ సార్ అన్న. ఆ దినం తెలిసింది, అన్న ఇగ రాడని."

"ఒక్కనాడన్న అడగకపోతివి గదరా..."

"అడిగితే నువ్వేడుస్తవు. నాయిన ఉరి వెట్టుకునేటట్టుండె అప్పుడు. అందుకే పలుక్కుంట పోయిన. బడిల పలికిన, పెండ్లి పీటల మీద పలికిన, ఆఫీసులల్ల పలికిన. ఆ పేరు ఇన్నప్పుడల్ల ఇప్పటికి గూడ ముందు తలుపు దిక్కే సూస్త."

"డాడీ, ఏటా ఈ తారీకు నాడు పొద్దున్నే ఎటో పోతుంటిరి. బర్త్‌డే అంటే కోపానికొస్తుంటిరి."

"గౌడవెల్లి పొలం గట్టు మీద, అన్నను మన్నుల పెట్టినకాడ కూసొని వస్త. ఇయ్యాల గూడ ఆడికే పోయిన. ఈ తారీకు ఆనిది బిడ్డా. నాది ఎన్నడో అమ్మకే ఎరిక."

"దీపావళి ఎల్లిన మూడో దినం. కోడి కూసేయాళ్లకు. నీది దీపావళి ఎల్లిన మూడో దినం బిడ్డా."

"సూసినవా, ఇయ్యాల తెలిసింది. అంటే నాకింక నలభై ఎనిమిది గూడ నిండలేదన్నట్టు."

"మరి ఈ పార్టీకి ఎందుకు ఒప్పుకున్నరు డాడీ? నేను అడగంగనే సరే అన్నరు."

"నువ్వు యాభై అన్నప్పుడు అన్న యాదికొచ్చిండు. ఆనికి ఎన్నడు ఎవలు ఏం చెయ్యలే. చిన్న పోరగాడు పోతే దినాలు గూడ చెయ్యరు గదా. ఏడేండ్లకు పోయినోనికి నా మీదుగ యాభై ఏండ్లొచ్చినయి. ఒక్కసారన్న ఆనికి విస్తరెయ్యొద్దా?"

"డాడీ, ఏడైంది. వింటున్నరా? యాంకర్ మైకుల పిలుస్తాంది. వచ్చినోళ్లందరితోని గూడ పిలిపిస్తాంది. సుధాకర్, సుధాకర్ అని చప్పట్లు కొడుతుండ్రు."

"ఇంటున్న."

"మమ్మీ ఒక్కతే ఉంది ఆడ. పోదాం పాండ్రి."

"పోదాం. అమ్మా, లే. నా చెయ్యి పట్టుకొని కిటికీ కాడికి రా. గేటు ఈడికెళ్లి కనవడ్తది. మైకు వద్దు గిట్ల వద్దు. ఒక్కసారి నీ నోటితోని పిలువు."

"వద్దు బిడ్డా. పిలిస్తే ఇద్దరొస్తరు."

"రారు. కుర్మయ్య నీ పక్కనే ఉన్నడు. సుధాకరా అని పిలువమ్మా, ఆనికి ఇనవడేటట్టు. ఇయ్యాల నేను పలుకను."