ఇంటిపేరు పిలిస్తే లేచేవాళ్ళు

పళ్ళ డాక్టరు గది బయట బెంచీ మీద బుగ్గ వాచిన తాతయ్య, పక్కనే మనవరాలు కూర్చున్నారు.

"తాతయ్యా, నర్సు మన ఇంటిపేరే పిలిచింది. లేవవేం?"

"ఆగవే, ముందు మిగతావాళ్ళని లేవనీ."

"మిగతావాళ్ళెవరు?"

"మా చిన్నప్పుడు ఈ ఇంటిపేరు పిలిస్తే సగం క్లాసు లేచి నిలబడేది. తొందరపడి ముందు లేచామా, ఎవడో చేసిన అల్లరికి మన వీపు విమానం మోత మోగేది."

"ఇప్పుడు ఊరంతా గాలించినా మనమే మిగిలాం. పోయినసారీ నువ్విలాగే కూర్చుంటే మన వంతు పోయింది."

"అంతమందీ ఏమైపోయారే?"

"అత్తయ్యలు పెళ్ళిళ్ళయ్యాక మార్చుకున్నారు. బాబాయేమో ఆఫీసులో ఎవరికీ నోరు తిరగట్లేదని సగం కోసేశాడు. అదిగో, మళ్ళీ పిలుస్తోంది. లే."

"సరే, పద. ఉండుండు, ఆ మూల ఒకావిడ కూడా లేచింది."

"అవును, లేచింది."

"లోపలికి కూడా వెళ్ళిపోయింది. నువ్వు మళ్ళీ కూర్చో."

"అదేంటి తాతయ్యా, నీ పన్ను?"

"ఉంది కదా, అదే సంతోషం. నీ మాట విని తొందరపడుంటే, ఆవిడ పన్నుకి బదులు నాది పీకేసేవాళ్ళు."