ముప్పై అయిదు మిల్లీమీటర్లు

(దంత వైద్యశాల. స్కేలు పట్టుకుని నర్సు, కుర్చీలో భర్త, పక్క స్టూలు మీద భార్య.)

“తొమ్మిది.”

“తొమ్మిదా! సిస్టర్, మూడు రాసుకోండి. ఈయనకి దోమ కుట్టినా తొమ్మిదే.”

“అలా కుదరదమ్మా. నొప్పి ఆయనది, నంబరూ ఆయనే చెప్పాలి. సున్నా అంటే అసలు లేనట్టు, పది అంటే ఇక భరించలేనట్టు. సర్, మాత్ర వేసుకుని గంటయింది కదా, ఏమీ తగ్గలేదా?”

“తగ్గింది... అందుకే తొమ్మిది.”

“మరి పొద్దున?”

“పదకొండు.”

“నా కాగితంలో పదకొండు లేదు సర్.”

“నాలుగు రోజులుగా ఇంట్లో ఇదే గోల సిస్టర్! పీకింది ఒక్క పన్ను. మూలుగు వింటే ఒంట్లో ఎముకలన్నీ పీకేశారేమో అనుకోవాలి.”

“ఉత్త పన్ను కాదే... జ్ఞానదంతం.”

“అబ్బో, నాకు ఎదురు చెప్పడానికి మాత్రం దవడ బాగానే ఆడుతోంది!”

“దవడ సంగతి స్కేలు చెబుతుంది, ఆగండి. నోరు తెరవండి సర్. ఇంకాస్త. ఇంకాస్త... ఇరవై రెండు మిల్లీమీటర్లు.”

“అంతేనా? నిన్న?”

“నిన్నా అంతే. ముప్పై అయిదు దాటితే ఇవాళ్టితో సెలవు. లేదంటే ఇంకో వారం పొద్దున్నా సాయంత్రం ఇక్కడికొచ్చి దవడ వ్యాయామం చెయ్యాలి.”

“వారమా! నాకు నెలలు నిండాయి సిస్టర్. డాక్టరమ్మ గురువారం అంది. నేను ఆస్పత్రిలో, ఈయన ఇక్కడ నోరు తెరుచుకునా? ఏవండీ, కానుపు గదిలో పక్కనే ఉంటానని మాటిచ్చారు. తెరవండి!”

“నాకూ ఉండాలనే ఉందే... రావట్లేదు.”

“ఇంట్లో ఆవలిస్తే గొంతు దాకా కనిపించేది! ఎందుకు రావట్... అమ్మా...”

“ఏమైందమ్మా?”

“ఏం లేదు. నడుము పట్టేసింది, ఈ స్టూలుకి ఆనుకోడానికి లేదు. మీరు కొలవండి.”

“ఇరవై నాలుగు.”

“చూశారా, పెరుగుతోంది! బుజ్జగిస్తే లాభం లేదు, తిట్టాలి. పెళ్ళప్పుడే అత్తయ్య నా చెవిలో వేసింది, వీడు నొప్పికి ఆగలేడమ్మా అని. నేనే బుద్ధి... హుఁ... బుద్ధి తక్కువై నవ్వేశా.”

“నువ్వేంటి... అలా వగరుస్తున్నావ్?”

“నా సంగతి మీకెందుకు, నోరు తెరవండి!”

“ఇరవై ఆరు.”

“అబ్బా! ఏంటండీ ఈ నత్తనడక!”

“అమ్మా, మీకా చెమటలేంటి?”

“ఫ్యాను తిరగట్లేదు కదా.”

“తిరుగుతోందమ్మా.”

“అయితే సిస్టర్... ఆ కాగితంలో నాకో గడి ఉందా?”

“మీకెందుకు?”

“పొద్దున లేచినప్పుడు మూడు. ఆటోలో అయిదు. ఈ గదిలోకి వచ్చాక ఏడు. ఈయన కొలత అయ్యేదాకా పంటి బిగువున ఆగుదామనుకున్నా. ఇప్పుడు పది. ఏవండీ, గురువారం దాకా ఆగేట్టు లేదు. ఉమ్మనీరు పోయింది.”

“ఆఁ!”

“కదలకండి సర్, నోరు అలాగే ఉంచండి... నలభై ఒకటి! అయిపోయింది, ఇక మీకు సెలవు. ఒక్కటి చెప్పి వెళ్ళండి, నొప్పి ఎంత?”

“ఏ నొప్పి? జరగండి సిస్టర్, ముందు ఆటో!”