పరదైసుకు బస్సు లేదు

జడ్చర్ల రోడ్డు మీద ‘గ్రీన్ ప్యారడైజ్’ అని రాసిన కమాను కింద ఎస్తేరు, ఆమె కొడుకు బెంజమిన్ మహబూబ్‌నగర్ బస్సు కోసం చూస్తున్నారు. లోపల అమ్మకానికున్న ఇల్లు చూసి వచ్చి అప్పటికే గంటయింది. బస్సుకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

“...ఇంకొకటి అడుగుడు మర్చిపోయిన. ప్యారడైజ్ అంటె ఏందిరా?”

“పరదైసు అమ్మా.”

“పాస్టరయ్య చెప్పే పరదైసా? గదే అనుకున్న. ఆడికి పోయినోళ్లు ఎవ్వరు తిరిగి రాలే. బస్సు లేకనేమో.”

“వస్తదే బస్సు. గంటకొకటి ఉందని ఆ ఇల్లమ్మేటాయన చెప్పిండు గద.”

“ఏ గంటకో చెప్పలే.”

“అమ్మా, అన్నిటికి వంకలు పెడితె ఎట్ల? సాయంత్రం లోపల ఆయనకు అవునో కాదో చెప్పాలె. మంచి గూడ జర చూడు. గాలి ఎట్ల వస్తాందో చూడు!”

“ఎందుకు రాదు? అడ్డమేముంది? యాభై ప్లాట్లల్ల నాలుగు ఇండ్లు. మిగిలినయి పాతిన రాళ్లు. రేపు చక్కెర అడగాల్నన్నా ఆ రాళ్లనే అడగాలె. గాలి సంగతంటవా, మందుల కంపెనీ వాసన గూడ కలిపి పంపుతాండ్రు. కిరాయి లేకుంట.”

“ఆ కంపెనీల మీదనే గద మన తిండి. నాకైతె డ్యూటీకి పది నిమిషాలు.”

“నీకు పది నిమిషాలు. నీ పెండ్లాం కోమలకు టౌన్ల బట్టల దుకాణానికి గంటన్నర. నీ బిడ్డ మల్లిక బడికి గంటన్నర. ముగ్గురిల ఒక్కడు సుఖపడ్డడు, సంతోషం.”

“మల్లికకు ఆటో మాట్లాడుత.”

“నీళ్లు?”

“బోరుంది గద.”

“ఉంది. మోటరు ఎయ్యమంటె ఆయన ఆకాశం దిక్కు చూసిండు.”

“కరెంటు పోయిందే అప్పుడు. రేపు ట్రాన్స్‌ఫార్మర్ పెడ్తరంట.”

“దుకాణం?”

“కమాను పక్కకే పెడ్తరంట.”

“చర్చి?”

“అది గూడ... జాగ ఇడిచిపెట్టిండ్రంట.”

“అన్ని అంటలే. దవాఖాన దూరం, బడి దూరం, చర్చి అంట, దుకాణం అంట. నిజంగ దగ్గరున్నది ఒక్కటే. ఇంటెనక గోడ దాటితె సమాధుల తోట. అదొక్కటి మాత్రం రేపు పెడ్తమనలే, తయారుగ ఉంచిండ్రు.”

“అది మనోళ్లదే అమ్మా. క్రైస్తవులది.”

“పరాయోళ్లదని నేనన్ననా?”

“నువ్వు మాటకు ముందు ఎకసెక్కాలు పెట్టుకుంటవు. సొంతిల్లమ్మా. మన పేరు మీద. మన గోడకు మనం మేకు కొట్టుకోవచ్చు.”

“మేకు కొట్టుకోనీకె ఇరవై ఏండ్ల లోనా? పదకొండేండ్ల సంది కిరాయింట్ల ఉన్నం. మేకు లేక ఏమాగింది? ఏసుప్రభువు క్యాలెండరు కిటికీకి తగిలిస్తిమి, పడ్డదా? గడప దాటితె కూరగాయలు. చెయ్యెత్తితె ఆటో.”

“ఎప్పటికైన కిరాయిల్లు కిరాయిల్లే.”

“ఎప్పటికైన గదే. మరి ఇప్పుడే ఏంటికి? క్రిస్మస్ దాక గూడ ఆగనంటవు. నెల లోపల మారాలె అంటవు. కోమల గూడ గదే పాట. ఎవరు తరుముతాండ్రురా మిమ్ముల?”

“ఎవరు తరుమలే.”

“ఓనరు ఏమన్న అన్నడా?”

“ఆయనేమంటడు? ఏమనలే.”

“మంచోడే. భిక్షం సచ్చిపోయేదాక భిక్షంతోని గూడ మంచిగనే ఉండె.”

“భిక్షం ముచ్చట ఎందుకిప్పుడు?”

“ఊకెనే యాదికొచ్చిండు. పక్క పోర్షన్ల ఆరేండ్లున్నడు పాపం. దవాఖానల పాణం పోతే అంబులెన్సును గేటు కాడనే ఆపిండు మంచోడు. పీనుగు లోపటికొస్తె నక్షత్రం బాగలేదు, ఆరు నెలలు ఇల్లు పాడువెట్టాలె, మల్ల కిరాయికెవ్వరు రారు అన్నడు. సచ్చింది భిక్షం, నక్షత్రం ఓనరుది.”

“అయిపోయిన ముచ్చట అమ్మా.”

“వానల, రోడ్డు మీద ట్రాన్స్‌ఫార్మర్ కింద ప్లాస్టిక్ పట్టా కట్టి పండవెట్టిరి. ఐసు పెట్టెకు కరెంటు గూడ ఇయ్యకపాయె. పంక్చరు దుకాణం మెహమూద్ వైరు గుంజి ఇస్తెనే...”

“చాయ తాగుతవా అమ్మా?”

“ఈడ చాయ యాడిదిరా? చాయ దుకాణం గూడ రేపు పెడ్తరంటనా?”

“జడ్చర్లల దిగి తాగుదామంటున్న.”

“బస్సొస్తె. ...అవురా, మొన్న డాక్టరు ఏమన్నడు?”

“ఎన్నిసార్లు చెప్పాలె? గ్యాస్ అన్నడు.”

“గ్యాసుకు హైదరాబాదుకు మూడుసార్లు తోలుకపోయినవు. ఖాందానీ గ్యాసు లెక్కుంది.”

“పెద్ద డాక్టరు గద. జర లోతుగ చూస్తడు.”

“నన్ను బయట కూసోవెట్టి నువ్వొక్కనివే అరగంట మాట్లాడితివి. నా గ్యాసు గురించి అరగంట! బయటికొచ్చి నల్లా కాడికి పోయి మొకం కడుక్కున్నవు.”

“ఎండకు చెమట పట్టింది.”

“ఏసీల కూసున్నవు గదరా.”

“అమ్మా, ఇంటి సంగతి మాట్లాడు. ముందట ఎంత జాగుందో చూసినవా? టౌన్ల గంత వాకిలి పుట్టదు. పది మంది వస్తె కూసోవచ్చు. టెంటు గూడ ఎయ్యొచ్చు.”

“టెంటు ఏంటికిరా?”

“అదే... మల్లిక పుట్టిన దినానికి.”

“పోయిన నెలనే అయిపాయె గద పుట్టిన దినం. కేకు కోసిన చెయ్యి ఇంక కడుక్కోనే లేదా?”

“వచ్చే యాడాదికి అంటున్న. గేటు గూడ పెద్దది. బండి సీదా లోపటి దాక వస్తది.”

“మనకున్నది స్కూటీ. గంత పెద్ద గేటుల నుంచి వచ్చే బండి ఏందిరా?”

“బండి అంటె... ఏదో ఒక బండి.”

“ఏ బండి నాయినా?”

“ఆగు, బస్సు చప్పుడైనట్టుంది.”

“సరే, చెప్పకు. నేనొక ముచ్చట చెప్త. మొన్న ఆదివారం నువ్వు డ్యూటీల ఉన్నవు. ఓనరమ్మ వచ్చింది. టిఫిన్ డబ్బల సేమ్యా పాయసం తెచ్చింది. పదకొండేండ్లల్ల మొదటిసారి! తాగేదాక ఎదురుంగనే కూసున్నది. ‘పెద్దమ్మా, బాగ సన్నగైనవు, మీ ఊరికి ఎప్పుడు పోతవు’ అన్నది.”

“నువ్వేమన్నవు?”

“మా ఊరు రిజర్వాయర్ల మునిగిందమ్మా, ఈతొస్తె ఇయ్యాలనే పోదును అన్న.”

“అమ్మా!”

“పాయసం మాత్రం మంచిగుండె. యాలకులు గూడ ఏసింది.”

“నాకెందుకు చెప్పలే మరి?”

“నాకు గ్యాసు సంగతి నువ్వు చెప్పినవా?”

“...ఓనరు నాకు గూడ ఫోను చేసిండు. మీ అమ్మ పాణం గిట్లుంది, మా ఇంట్ల ఏమన్న అయితె మాకు కష్టం అన్నడు. నెల టైమిచ్చిండు.”

“నెలనా? మరి డాక్టరెంత ఇచ్చిండు?”

“అమ్మా, ఊకో.”

“చెప్పురా. ఓనరు చెప్పినంక డాక్టరు చెప్తె ఏం తప్పు?”

“రెండు నెలలు. దేవుని దయుంటె మూడు.”

“నయం. ఓనరుకంటె డాక్టరే దొడ్డ మనిషి.”

“నీకు నవ్వులాటగుందా? నాకు నిద్ర పడ్తలేదు అమ్మా. కండ్లు మూస్తె భిక్షం పట్టా కనవడ్తాంది. దాని మీద పడే వాన చప్పుడు ఇనవడ్తాంది. నిన్ను గట్ల రోడ్డు మీద పెట్టలేను. నాతోని గాదు. మల్లికకు, వాళ్ల నాయనమ్మను ట్రాన్స్‌ఫార్మర్ కింద చూపించల్నా?”

“ఏడువకు. మొకం కడుక్కోనీకె ఈడ నీళ్లు గూడ లేవు. మీ బాపు ఏసోబు పోయినప్పుడు మనది గుడిసెనే. వానొస్తె కుండలు పెడ్తుంటిమి. గాని వాకిట్ల పండవెట్టనీకె ఎవ్వరినన్న అడిగినమా? దినమంత మంది వచ్చి కూసుండ్రి. పాటలు పాడిరి. అంత మంది వస్తరని తెల్వక నేను చాప గూడ పరువలే.”

“నాకు యాదుంది.”

“నీకేం యాదుంది, ఆరేండ్ల పోరనివి. నేను ఆ ఓనరమ్మకు ఏం చెప్పిన్నో ఎరుకేనా? ఫికర్ జెయ్యకమ్మా, పాణం పోయేటట్టుంటె ముందుగాలనే సర్కారు దవాఖానకు పోత, నీ గడపల పోను అన్న. ఒట్టు గూడ పెట్టిన.”

“ఎందుకన్నవు గట్ల?”

“మీరు ఈ వయసుల లోను మీద ఏసుకొని, నా కోసం అడివిల పడొద్దని. నేను రెండు నెలలు, లోను ఇరవై ఏండ్లు. కోమల ఇరవై ఏండ్లు బస్సులల్ల తిరుగుతదా? అందుకే పొద్దటి సంది ఆ ఇంటికి ఇన్ని వంకలు పెడ్తున్న. గాలికి గూడ పెడ్తి, పాపం.”

“కోమలనే ముందుగాల అన్నది అమ్మా. ఈ ఇల్లు ఎతికింది గూడ ఆమెనే. గోడెనక సమాధుల తోట ఉందని చూసినంకనే నాకు ఫోను చేసింది.”

“కోమలనా?”

“ఆమెనే. అత్తమ్మ బండెక్కకుంటనే పోవచ్చు, మనోళ్లే మోస్తరు అన్నది. చెప్తె తిడ్తదని నీకు చెప్పొద్దన్నది.”

“దానికి నా కంటె ఎక్కువ తెలివుంది. చెప్పకు మల్ల, నెత్తికెక్కుతది.”

“చెప్ప. ...అమ్మా, లెవ్వు. బస్సొస్తాంది.”

“పోనియ్యి.”

“పోనిచ్చుడేంది? మల్ల గంట దాక రాదు!”

“రాకపోతె పాయె. చెయ్యి పట్టు, ఆ ఇల్లు మల్లొకసారి చూద్దాం.”

“ఇప్పుడే చూసొస్తిమి గదనే. ఒక్కటి గూడ మంచిగ లేదంటివి.”

“ఇందాక బతకనీకె చూసిన కొడకా.”