రవిక కాదు, జాకెట్టు

హలో… ఆ, నేనే. మీ అన్న కుళ్లాయప్పను… కదిర్లో ఉండా. బట్టలంగట్లో.

నీ కోసరమే. చలికి తొడుక్కునేదానికి జాకెట్టు, పొద్దున టీ అంగడి కాడ చెప్పి వస్తి గదా… పెట్టేయాకు పుల్లన్నా. పెడితే మళ్లా చేస్తా.

…

దగ్గు. దగ్గినాక చెప్పు.

…తగ్గిందా? ఎంత తగ్గిందో ఈడికి ఇనపడ్తాంది లే.

రేప్పొద్దున మందను తోలుకోని గుత్తి పక్క పోతాండావు. రెండు నెలలు బయటనే పడుకునేది. డాక్టరమ్మ ఏం చెప్పె? ఇంగొగసారి నిమ్ము చేస్తే మనిషి దక్కడని చెప్పలే?

…నీతో కాదు. నాతో. నిన్ను బయటికి పంపిచ్చి చెప్పింది.

…

ఆ. అందుకే.

కంబళి ఉంటే ఉండనీ. అది వానకు తడిస్తే మూడు దినాలు ఆరదు. ఇది పిండితే ఆరిపోతాదంట… ప్లీసు. ప్లీసంట దాని పేరు. ఉన్ని మాదిరి ఉండాది, ఉన్ని కాదు… ప్లాస్టిక్కురా. నేనూ అడిగినా, ఏ గొర్రెదప్పా అని. అంగడాయన నవ్వినాడు.

ఏమి?

…ఎవరు, వీరేషా? ఏమన్నాడు?

…'మీ అన్న జాకెట్టు తెస్తాండాడంట, లంగా కూడా తెమ్మను' అన్నాడా. టీ అంగడి కాడ, అందరి ముందర.

…

ఈడ నాకూ అదే అయ్యింది. జాకెట్టు కావాలంటే ఆడోళ్ల పక్కకు తీస్కపోయి రవిక గుడ్డలు పరిచినాడు. ఎవరికి తాతా అనె. మా తమ్మునికప్పా అంటి… అంగడంతా నవ్వె.

నవ్వినావు. ఇప్పుడు నువ్వూ నవ్వినావు… చూడు, దగ్గొచ్చె.

ఇను. రెండు రకాలుండాయి. ఒగటి మందం, మెడ దాకా జిప్పు. ఇంగొగటి పల్చన, తలకు టోపీ… మందందే మేలు.

…పల్లేరుకాయలు అంటుకుంటాయి, నిజమే. దులుపుకో. నిప్పు కాడ మాత్రం జాగర్త. రవ్వ పడితే కరిగి ఒంటికి అతుక్కుంటాదంట. నెగడు కాడ పైన కంబళి కప్పుకో.

…కుక్కకు గుర్తు దొరకదా? మాపటికి దీన్ని దొడ్లో గొర్రెల కింద పారేస్తా. తెల్లారేతలికి వాసన పడ్తాది.

నా సైజే నీకా? యాడిది. మొన్న నిన్ను బస్సెక్కిచ్చేటప్పుడు చంకల కింద పట్టుకుంటే అన్నీ ఎముకలే. ఒగ సైజు తక్కువ తీస్తా.

…

వద్దంటే వద్దా.

…ఊరు దాటేదాకా అందరూ చూస్తారంటావు. అంత నామర్దా. ప్రాణం కంటే పెద్దదా అది?

…

రేయ్, పెట్టేయాకు. ఉండు—

ఓ సామీ! ఆ బూడిద రంగుది, మందంది. రెండు కట్టు… రవికలు కాదప్పా! ఇదే. చిన్నది తమ్మునికి. పెద్దది నాకు.

…ఆ, ఇన్నావు గదా. నాకే.

రేపు మంద ముందర నువ్వు నడువు. ఎనక నేనొస్తా. గుత్తి దాకా… మోకాళ్లు నావి, నీకేల? ఇద్దరమూ తొడుక్కోని టీ అంగడి ముందరే పోదాం. వీరేషు లంగా తెస్తే ఎవరికి కడ్తాడో చూస్తా.

…

…పుల్లన్నా?

ఏడ్వాకు. దగ్గొస్తాది.

…పెడ్తాండా. బస్సుకు టైమయితాంది.