సొన మరకల పట్టు

ఆగిరిపల్లి మామిడి తోటలో కోతలు ముగిశాయి. కూతురు తాను కుట్టిన పట్టు గౌను తండ్రి ఒడిలో పరిచింది. తడిమితే గరుగ్గా తగిలింది ఆయనకు.

"ఏంటమ్మా, గుడ్డంతా కాలినట్టుంది?"

"కావాలనే నాన్నా. మామిడి సొన పోసి, ఆవిరి పట్టించి ముడతలు తెప్పించాను. ముంబై ఫ్యాషన్ షోలో ముందు ఇదే."

"కాయలు కోసి కోసి, సొన పడి మీ అమ్మ చేతులు అచ్చం ఇలాగే ఉండేవి."

"అందుకేగా! లోపల అమ్మ పేరు కుట్టాను. చూడు, దయామణి అని."

"ఆ చేతులు నీ స్నేహితులు చూస్తారని కాలేజీ ఫంక్షన్‌కి రావద్దన్నావు. మంచి చీర కట్టుకుని గుమ్మంలోనే కూర్చుండిపోయింది."

"అప్పుడు చిన్నదాన్ని నాన్నా."

"మీ అమ్మ పోయేదాకా చిన్నదానివే. ఆ పేరు తీసెయ్."

"కుట్టేశాను కదా."

"కత్తిరించు. నీకు చేతనైన పనేగా."