ఎలుక నెత్తురు మనిషి

వానకి మొక్కజొన్న కోతలు ఆగిపోయాయి. కూలీలంతా ఎల్విరా కొట్లో చేరి, ఒకే సొరబుర్రలోంచి మాతే ఆకు కషాయం వంతులవారీగా పీలుస్తున్నారు. ఎవరో ఎలుకజ్వరం మాటెత్తారు. అంతే, వాళ్లలో ఎవరిస్తో అనేవాడు అందుకున్నాడు.

"ఆ జ్వరంతో నేను కాపరమే చేశానర్రా. లేబొరేటరీకి చేనెలుకల్ని పట్టిచ్చేవాణ్ణి, ప్రాణాలతో. అదే జబ్బు గినీపందికి ఎక్కిస్తే చచ్చేది, చేనెలుక మటుకు తిని తిరిగేది. ఎందుకో అక్కడి డాక్టరమ్మకి అంతుపట్టలేదు. రెండిటి నెత్తురూ గాజుపలకల మీద పూసి, రంగేసి చూసేది. ఒంట్లో జబ్బుతో కొట్లాడే తెల్లకణాలుంటాయి చూడండి, వాటిలో ఎంజైమని ఒకటుంటుంది, కడుపులో తిన్నదాన్ని అరిగించే రసం లాంటిదే. ఎలుక కణాల్లో అది ఎర్రగా తేలేది, గినీపందివేమో పాలిపోయి ఉండేవి. జాతికో తీరు. ఆవిడ పక్కన నిలబడీ నిలబడీ నాకూ పట్టు చిక్కింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మైక్రోస్కోపు లేకుండానే చుక్క చూసి ఏ జాతిదో చెప్పేసేవాణ్ణి."

"ఉత్త కంటితోనా?" అన్నాడు ట్రాక్టరు నడిపే నికనోర్.

"కన్నెందుకురా, వాసన చాలు. ఒకనాడు ఎలుక నా వేలు కొరికింది. డాక్టరమ్మ నా నెత్తురు చూసి కుర్చీలో కూలబడింది. ఇవి మనిషి కణాలు కావయ్యా, అచ్చం చేనెలుకవే అంది. జ్వరమైతే వచ్చింది, ఒంటిమీద రొట్టె కాల్చుకోవచ్చు, అంత వేడి. తెల్లారేసరికి లేచి చేలోకి పోయాను. ఇక చూస్కోండి, నా నెత్తురు కోసం ఆసుపత్రి ముందు బళ్లు బారులు తీరాయి. పొద్దున ఈ చెయ్యి, సాయంత్రం ఆ చెయ్యి. పాలక్యాన్లలో పట్టుకుపోయారు, ఓడలకెక్కించారు. ఈ జిల్లాలో ఎవణ్ణి గిల్లినా వచ్చేది నా నెత్తురే. నేనుండగా మన ఊళ్లో ఒక్క ప్రాణం పోలేదు."

కూలీలు నవ్వారు. ఎల్విరా పొయ్యిమీది నీళ్లు దించి, చేతులు తుడుచుకుంది.

"మా ఆయన పోయాడు కదా, ఎవరిస్తో," అంది.

ఆమె గొంతు పెంచకుండానే కూలీలకి చెప్పింది. ఆ జ్వరమొచ్చి తగ్గినవాళ్ల నెత్తురు ఎక్కిస్తే తన భర్త బతకొచ్చన్నారట. ఎవరిస్తో వానలో పరిగెత్తుకొచ్చి, తనకి ఎప్పుడో వచ్చి తగ్గిందంటూ చెయ్యి చాచాడట. పరీక్ష చేసి, ఇది పనికిరాదు, ఇతనికి ఆ జబ్బు రానేలేదని పంపేశారట.

"ఉన్నదంతా తోడుకోండని నర్సుని పట్టుకుని ఏడ్చావు," అంది అతని వైపు తిరిగి. "నేను తలుపవతలే ఉన్నాను. నీకు ఆ జ్వరం ఎన్నడూ రాలేదు."

ఎవరిస్తో చేతిలోని సొరబుర్ర పక్కవాడికి అందించాడు.

"వచ్చుంటే బావుండేది వదినా," అన్నాడు.