బి తరగతి రోడ్డు

కోర్టు భవనంలో కౌంటీ బోర్డు సమావేశం ముగించుకుని డెల్మార్ మెట్లు దిగుతుంటే, బురద బూట్లతో ఆర్డిత్ అడ్డంగా నిలబడింది. అతను బోర్డు అధ్యక్షుడు, ఆమె మొగుడికి అన్న కొడుకు.

"మా రోడ్డుని బి తరగతికి దించారటగా. అంటే ఏమిట్రా?"

"ఇక కంకర పొయ్యం, మంచు తియ్యం. దించడమెందుకు పిన్నీ, విశ్రాంతి ఇచ్చాం అనుకో."

"ఊళ్లోకి మాకు వేరే దారి లేదురా."

"బోర్డుకీ వేరే దారి లేదు."

"మంచు కరిగి మోకాలిలోతు బురదయింది. మీ బాబాయికి ఊపిరాడకపోతే ఆంబులెన్సు ఎలా వస్తుంది?"

"నేల గట్టిపడ్డాక వస్తుంది."

"అంతదాకా?"

"బాబాయిని కాస్త గట్టిగా ఉండమను."

ఆర్డిత్‌కు నవ్వు రాలేదు. ఇంట్లో ఆక్సిజన్ గొట్టంతో కిటికీ దగ్గర కూర్చున్న మొగుడు, ఆమె పని సాధించుకొస్తుందనే నమ్మకంతో ఉన్నాడు.

"ఆ రోడ్డుకి మీ ముత్తాత పేరురా!"

"పేరు తియ్యంలే. దాని కింద 'ప్రవేశిస్తే మీ ఖర్మ' అని ఇంకో బోర్డు పెడతాం. బోర్డు తిప్పేసే బోర్డు కాదు మాది!"

"ఒక్కసారి వచ్చి కళ్లతో చూసి పోరా."

"ఆ బురదలోకా? కారు దిగబడదూ?"

"మాకున్నవి రెండు ఓట్లు. రెండూ నీకే వేశాం కదరా."

"రెండు ఓట్లకి రెండు మైళ్ల రోడ్డా, పిన్నీ?" డెల్మార్ కారు తలుపు తీశాడు. "పైగా వచ్చే ఎన్నికలకి ఒకటే కదా మిగిలేది."